జానెడు దూరం

అత్తయ్య సంతకం పెట్టనంది.

మూడు కార్డులూ బల్ల మీద పేకముక్కల్లా పరిచి ఉన్నాయి. వాటి పక్కన శనివారం వచ్చిన ఉత్తరం. శనివారం నుంచి ఆ ఉత్తరాన్ని మా ఇంట్లో ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. మడతల దగ్గర కాగితం అప్పుడే మెత్తబడిపోయింది.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాత గోల్ఫు మైదానంవాళ్ళు చీటీలు తీస్తే నాన్న, అత్తయ్య, బాబాయి, ముగ్గురి పేర్లూ కలిసి వచ్చాయి. వచ్చే నెల పన్నెండో తేదీ, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మొదటి బంతి కొట్టాలి. మూడువందల ఏళ్ళుగా మనుషులు ఆడుతున్న నేల అది. అక్కడ ఆడాలని చీటీ వేసి పదేళ్ళు ఎదురుచూసినవాళ్ళు ఉన్నారట.

ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో షరతులు ఉన్నాయి. ప్రతి ఆటగాడూ మూడు పూర్తి ఆటల కార్డులు పంపాలి. ఏ కార్డులోనూ దెబ్బలు వంద దాటకూడదు. ప్రతి హోలులోనూ బంతి పడి తీరాలి. పక్కన నడిచి లెక్క రాసినవాళ్ళు సంతకం చెయ్యాలి. గురువారం సాయంత్రంలోగా ముగ్గురివీ అందాలి, ఒక్కరివి అందకపోయినా ఆ సమయాన్ని తరువాతివాళ్ళకు ఇచ్చేస్తారు.

అత్తయ్యవీ బాబాయివీ ఎప్పుడో సిద్ధమయ్యాయి. నాన్నవే మిగిలాయి. నాన్న ఆడుతుంటే లెక్క రాసింది అత్తయ్య.

మా అత్తయ్య నాన్నకు అక్క. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆవిడ బజారులో అడుగుపెడితే దుకాణాలవాళ్ళు తక్కెడలు తుడుచుకుంటారు. అలాంటి మనిషి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలా నెమ్మదిగా చెప్పింది.

“మూడు ఆటలు కలిపి యాభైనాలుగు హోల్స్. దూరం నుంచి వాటంతటవే దొర్లి పడ్డవి నాలుగు. మిగతా యాభై సార్లు బంతి నీ చేతిలోకే వచ్చింది తమ్ముడూ, హోలులోకి పోలేదు.”

“జానెడు దూరంలో ఆగినదాన్ని పడినట్టే అంటారక్కా.”

“వంద గ్రాములు తక్కువ తూచినవాడు కూడా కిలో అయినట్టే అంటాడు.”

అమ్మ కుట్టుమిషను ఆగిపోయింది. 

అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు. నాన్న మా ఊరి పక్కనున్న తొమ్మిది హోల్స్ మైదానంలో గడ్డి మేస్త్రి. ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే గ్రీను మీద, అంటే జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, కొత్త చోటు చూసి హోలు కోసేది ఆయనే. ఆ అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. మధ్యాహ్నానికల్లా ఆడేవాళ్ళ బూట్లు పడి అంచు నలిగిపోతుంది. అందుకని తను ఆడేటప్పుడు నాన్న హోలు దగ్గరికి వెళ్ళడు. బంతి జానెడు దూరానికి వచ్చిందంటే చాలు, ఒంటికాలి మీద వంగి, చెయ్యి చాచి తీసేసుకుంటాడు. “పడినట్టే,” అంటాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కనుక ఆట అంటే అంతే అనుకున్నాను నేను.

అప్పుడే ఎందుకు చెప్పలేదని నాన్న అడిగాడు. 

“చెప్పాను. రెండో హోలు దగ్గరే చెప్పాను. ‘అంచు తొక్కకు అక్కా’ అన్నావు.”

బాబాయికి నవ్వు వచ్చింది. టౌను బస్సు నడిపి అప్పుడే దిగి వచ్చాడు, ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. నాన్న చూసిన చూపుకు నవ్వు మింగి నీళ్ళు తాగాడు. సంతకమే కదా అక్కా, అక్కడ వాళ్ళకేం తెలుస్తుంది అని గొణిగాడు. అత్తయ్య ఆయన వైపు తిరగను కూడా లేదు. నాకు తెలుస్తుంది కదా అంది.

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య మూడు కార్డులూ దొంతి పెట్టి చక్కెర డబ్బా కింద దూర్చింది. అమ్మ మళ్ళీ మిషను తొక్కబోయి, ఏం గుర్తొచ్చిందో, ఒళ్ళోని గుడ్డను అలాగే చూస్తూ కూర్చుంది. 

అది గాలిచొక్కా. సముద్రపు గాలికి ఆగాలని అమ్మ అందరికీ గాలిచొక్కాలు కుడుతోంది. మైదానం జెండాలు కుట్టేది కూడా అమ్మే కనుక, మిగిలిన జెండా గుడ్డతోనే మొదలుపెట్టింది. పసుపూ ఎరుపూ. దూరం నుంచి చూస్తే మనల్నే జెండాలనుకుని బంతులు కొడతారు వదినా అని నిన్ననే బాబాయి ఏడిపించాడు. అయితే నువ్వు ముందు నిలబడు, నీకు తగిలితే బస్సు ప్రయాణికులు సుఖపడతారు అంది అమ్మ. అది నిన్నటి మాట. నిన్న ఈ ఇంట్లో ఎవరూ నడవలేదు, అందరూ పరుగెత్తారు.

గోడ మీద నేను గీసిన మ్యాపు ఉంది. పాత కేలండర్లు వెనక్కి తిప్పి అతికించి, పద్దెనిమిది హోల్సూ గీశాను. నీలం రంగు సముద్రం, బూడిద రంగు ఇసుక దిబ్బలు. చెట్టు ఒక్కటి కూడా లేదు. అలాంటి నేలను లింక్స్ అంటారని, సముద్రానికీ పొలాలకీ మధ్య ఎందుకూ పనికిరాకుండా మిగిలిపోయిన ఇసుక నేల అని నాన్నే చెప్పాడు. 

నేను పెరట్లోని సామాన్ల కొట్టుగదికి వెళ్ళాను. నాన్న హోలు కోసే గొట్టానికి ఆకురాయి పెడుతున్నాడు. దానికి పదును ఉంది. పొద్దున్నే పెట్టాడు.

ఆ కొట్టు గోడకు మేకుతో కొట్టిన పోస్టుకార్డు ఒకటి ఉంటుంది. నాన్నకు పని నేర్పిన పాత మేస్త్రిది. ఆ సముద్రపు మైదానం బొమ్మే. ఇసుక గుంట ఒకటి మనిషి ఎత్తున ఉంటుంది, దాంట్లోకి దిగడానికి నిచ్చెన వేసి ఉంటుంది. పాత మేస్త్రి ఎప్పటికైనా వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయాడు. పోతూ పోతూ ఆ కార్డును నాన్నకు ఇచ్చాడు.

నేను ఏమీ అడగలేదు. నేను మామూలుగా ఏమీ అడగను. బడిలో కూడా జవాబు తెలిసినా నా చెయ్యి పైకి లేవదు, మా టీచరు నా దగ్గరికి వచ్చి పలక మీద రాయమని చెబుతారు. అందుకేనేమో నాన్న నాతో ఎక్కువ మాట్లాడతాడు.

“అక్కడ నాకు ఆట కాదే ముఖ్యం,” అన్నాడు ఆకురాయి ఆపకుండా. “మనది జిగట నేల. కోస్తే గోడ నిలుస్తుంది. వాళ్ళది ఇసుక. ఇసుకలో హోలు కోస్తే అంచు ఎలా నిలబడుతుంది? మూడువందల ఏళ్ళుగా ఎలా నిలబెడుతున్నారు? ఒక్కసారి ఆ హోలులో చెయ్యి పెట్టి చూడాలి.”

మరి చూడ్డానికి ఊరికే వెళ్ళొచ్చు కదా అన్నట్టు చూశాను.

“ఆడేవాళ్ళను తప్ప గ్రీను మీదికి రానివ్వరు. నేనూ రానివ్వనుగా,” అన్నాడు.

ఆ రాత్రి డైరీలో ఈ ఒక్క మాటే రాసుకున్నాను: నాన్నకు ఆ హోలులో చెయ్యి పెట్టాలని ఉంది.

తెల్లారేసరికి అత్తయ్యే దారి చూపింది. మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులున్నాయి. రోజుకొక ఆట. తొమ్మిది హోల్స్ మైదానాన్ని రెండుసార్లు చుడితే ఒక ఆట. మా మైదానం కార్యదర్శిగారు గురువారం ఆరింటికి ఆఫీసు మూసేలోగా ముద్ర వేయించి, అక్కడి నుంచే ఫ్యాక్సులో పంపిస్తే సరిపోతుంది. 

లెక్క రాయడానికి మాత్రం తను రానంది. 

“నేను రాస్తే అక్క కక్ష కట్టిందంటాడు. చిన్నోడు రాస్తే తొంభై కాస్తా ఎనభై అవుతుంది. పిల్లకు ఇవ్వండి పెన్సిలు.”

పిల్లంటే నేనే. దానికి పెద్దవాళ్ళ ముందు నోరే పెగలదు కదా వదినా అని అమ్మ నా తరఫున చెప్పింది.

“నోటితో పనేముంది. చూసింది చూసినట్టు రాయడమే కదా. రోజూ పుస్తకంలో రాసుకునేది అదేగా.”

నేను డైరీ రాసే సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను. బాబాయి నన్ను ఆ రోజు నుంచి డైరీగారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

మంగళవారం మొదటి హోలు దగ్గరే మాకు అసలు సంగతి తెలిసింది. 

బంతి హోలుకు జానెడు దూరంలో ఆగింది. నాన్న అలవాటుగా వంగబోయి, నన్ను చూసి ఆగాడు. పటర్ తీసుకున్నాడు. అది బంతిని దొర్లించే పొట్టి కర్ర. మునివేళ్ళ మీద నిలబడ్డాడు, బూట్లు గడ్డిని నొక్కకూడదని. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి దగ్గర నుంచి బంతిని హోలులోకి కొట్టబోతున్నాడు మా నాన్న. బంతి అంచు పక్క నుంచి జారి మూరెడు దూరం పోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పోయింది. నాలుగోసారికి పడింది.

బంతి పడిన చప్పుడుకు మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చిన్న చెంబులో గోలీ వేసినట్టుంది. 

“ఇలా ఉంటుందన్నమాట,” అన్నాడు నాన్న.

నేను కార్డు మీద అంకె వేశాను. ఖాళీ దొరికిన చోటల్లా ఏదో ఒకటి గీసే అలవాటు నాకు ఉంది కనుక, కార్డు వెనక చిన్న సున్నా గీసి, బంతి ఎక్కడ ఆగిందో చుక్క పెట్టాను. ప్రతి హోలుకూ అలాగే పెట్టుకుంటూ పోయాను. 

ఆ రోజు తొంభై తొమ్మిది. గట్టెక్కాడు. 

బుధవారం నాటికి ఇల్లు మళ్ళీ పరుగెత్తడం మొదలుపెట్టింది. నాన్న బోర్లా పడుకుని, వంటింటి గచ్చు మీద జానెడు దూరం నుంచి గ్లాసులోకి బంతులు దొర్లించాడు. అటు వెళ్ళే అమ్మ ఆయన్ని దాటుకుంటూ వెళ్ళింది. నిచ్చెన గుంట సాధన చెయ్యాలని బాబాయి పెరట్లో నడుం లోతు గొయ్యి తవ్వి, దాంట్లోంచి ఇసుకతో సహా బంతిని లేపితే అది వెళ్ళి నీళ్ళ తొట్టిలో పడింది. అది బంతి సంగతి. బాబాయి మాత్రం గోతిలోంచి రాలేకపోయాడు. నిచ్చెన తెమ్మని అరిస్తే, అక్కడికి వెళ్ళాక ఎవర్ని పిలుస్తావు, సొంతంగా ఎక్కడం కూడా సాధన చెయ్యి అంది అత్తయ్య. అలా అంటూనే చెయ్యి అందించింది.

అత్తయ్య రైలు వేళలు నాలుగు రంగుల్లో రాసి మ్యాపు పక్కన అతికించింది. ఎనిమిది గంటల రైలు, తరువాత బస్సు, తరువాత ఒడ్డు వెంట నడక. నడకకు ఇరవై నిమిషాలని వేసి, నాన్న దారిలో గడ్డి చూస్తూ ఆగుతాడు కనుక ఇంకో ఇరవై కలిపింది. ఆ లెక్క చూసి నాన్న ఆవిడతో రెండు రోజుల తరువాత మొదటిసారి నవ్వాడు. అందులో నాకూ అమ్మకూ కూడా టికెట్లు ఉన్నాయి. ఆడకపోయినా చుట్టూ నడవొచ్చట. నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆ రోజు డైరీలో నాలుగు పేజీలు రాశాను, నాలుగింట్లోనూ సముద్రమే ఉంది.

బుధవారం ఆట తొంభై ఐదు. 

గురువారం పొద్దున్నే వాన. నాన్న తడుస్తూనే వెళ్ళి హోల్స్ కోసి వచ్చాడు. 

పన్నెండు వరకు కిటికీల దగ్గర నిలబడ్డాం. ఎవరి పనికి వాళ్ళు సెలవు చీటీ పంపించేశారు. రెండింటికి వాన తెరిపిచ్చింది కానీ గాలి మిగిలింది. సముద్రపు గాలి ఇలాగే ఉంటుంది, మంచిదే అన్నాడు బాబాయి. మేమందరం జెండా గుడ్డ చొక్కాలు వేసుకున్నాం. అత్తయ్య మాత్రం మైదానంలోకి రాలేదు. మాట అంటే మాటే. కంచె అవతలి బెంచీ మీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కడి నుంచి హోలు కనపడదు, మనుషులే కనపడతారు. 

గాలి నాన్న బంతులను ఇష్టం వచ్చిన చోటికి విసిరింది. మొదటి చుట్టు అయ్యేసరికి యాభై ఒకటి. రెండో చుట్టులో పళ్ళు బిగబట్టి ఆడాడు. జానెడు దూరాలన్నీ వేశాడు. చెంబులో గోలీ, చెంబులో గోలీ. ఆ చప్పుడు కోసమే ఆడుతున్నాడేమో అనిపించింది నాకు. 

చివరి హోలు ఆఫీసు కిటికీ ముందే ఉంటుంది. కార్యదర్శిగారు తాళాల గుత్తి వేలికి తగిలించుకుని మెట్ల మీద నిలబడ్డారు. ఆరుకు పది నిమిషాలు. నాన్న కొట్టిన బంతి గడ్డి మీద సాగి, సాగి, హోలుకు జానెడు దూరంలో ఆగింది.

తొంభై ఎనిమిది దెబ్బలయ్యాయి. ఆ జానెడూ పోతే తొంభై తొమ్మిది. 

బాబాయి ఒక్క గావుకేక పెట్టి గాలిచొక్కా విప్పి తిప్పాడు. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కార్యదర్శిగారు ముద్ర కోసం లోపలికి తిరిగారు. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే ముందుకు వచ్చి, ఒంటికాలి మీద వంగి, చెయ్యి చాచి, బంతి తీసేసుకున్నాడు.

తీసుకుని కార్యదర్శిగారి వైపు నడిచాడు.

ఎవరూ చూడలేదు. నాన్న కూడా చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళ చెయ్యి అది, దాని పని అది చేసుకుపోయింది. అమ్మ బాబాయి వైపు చూస్తోంది. కంచె అవతల అత్తయ్య లేచి నిలబడి గొడుగు ఊపుతోంది. చూసినదాన్ని నేను ఒక్కదాన్నే. 

పెన్సిలు కార్డు మీద ఆనించి ఉంది. ఒక్క అంకె వేస్తే చాలు. తొంభై తొమ్మిది. ‘నాకు తెలుస్తుంది కదా’ అని అత్తయ్య అన్న మాట గుర్తొచ్చింది. సముద్రం గుర్తొచ్చింది. గ్రీను దాటితే ఆట అయిపోయినట్టే అని పుస్తకంలో చదివాను. నాన్న ఎడమ కాలు గ్రీను అంచు దగ్గర ఉంది.

“నాన్నా, బంతి పడలేదు.”

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మెట్ల మీద కార్యదర్శిగారు ఆగారు. కంచె అవతల గొడుగు ఆగింది. నాన్న తన చేతిలోకి చూసుకున్నాడు. 

బాబాయి నా వైపు చూసిన చూపు మాత్రం డైరీలో రాయలేను. 

అత్తయ్య కంచె తలుపు తోసుకుని వచ్చింది. రొప్పుతోంది. ఒక దెబ్బ జరిమానా, తీసిన చోటే పెట్టి వెయ్యాలి అని చెప్పింది. 

“తీసిన చోటు ఎవరు చూశారు?” అంటూ అందరి వైపూ తిరిగింది.

నేను కార్డు వెనక్కి తిప్పి చూపించాను. పద్దెనిమిదో సున్నా, దాని పక్కన, జెండా నీడ వైపు, చుక్క. బంతి ఆగగానే పెట్టిన చుక్క అది. అత్తయ్య కార్డునూ నేలనూ మార్చి మార్చి చూసి, జాన పెట్టి కొలిచి, వేలితో చోటు చూపించింది. 

జరిమానాతో తొంభై తొమ్మిది. ఇప్పుడు వేస్తే వంద. వంద దాటకూడదన్నారు కానీ, వంద కూడదనలేదు. తప్పితే మాత్రం ఇంకేమీ లేదు. ఆరుకు నాలుగు నిమిషాలు.

నాన్న ఈసారి మునివేళ్ళ మీద నిలబడలేదు. రెండు పాదాలూ గడ్డి మీద పూర్తిగా ఆనించాడు. బంతిని కొట్టాడు. 

అది తిన్నగా వెళ్ళింది. హోలు దాకా వెళ్ళింది. వెళ్ళి అంచు మీద ఆగింది. 

సగం బంతి హోలు మీద వేలాడుతోంది. వేరే ఎవరు కోసిన హోలయినా ఈపాటికి అంచు నలిగి ఒరిగిపోయి ఉండేది, బంతి జారి పడిపోయేది. ఇది పొద్దున వానలో నాన్న కోసిన అంచు. రోజంతా ఎవరూ తొక్కలేదు. పదునుగా నిలబడి బంతిని మోస్తోంది.

“ఎవరూ కదలకండి,” అంది అత్తయ్య. “అంచు మీద ఆగిన బంతికి పది లెక్కపెట్టే వరకు గడువుంది. ఆలోగా దానంతట అది పడితే పడినట్టే.”

చేతి గడియారం వైపు చూస్తూ మొదలుపెట్టింది. తూకం వేసేటప్పటి గొంతు, వేగం లేదు, జాలి లేదు. ఒకటి. రెండు. అమ్మ కళ్ళు మూసుకుంది. మూడు. నాలుగు. గాలి ఒక్కసారిగా నిలిచిపోయింది. బాబాయి చేతిలోని జెండా గుడ్డ చొక్కా కిందికి వాలింది. ఐదు. ఆరు. కార్యదర్శిగారు తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకున్నారు. 

ఏడు.

నాన్న బంతి వైపు చూడటం లేదు. నా చేతిలోని పెన్సిలు వైపు చూస్తున్నాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, దొరకలేదు. అక్కడున్నదేమిటో చదవడానికి నాకు ఇంకాస్త సమయం కావాలి.

“ఎనిమిది,” అంది అత్తయ్య. మొదటిసారి ఆవిడ గొంతు వణికింది.